సాక్షి దిమ్మెలు

నీళ్లు లేని కుంటను ఎవరైనా ముంచగలరా? నేను ముంచబోయాను. గ్రామసేవకుడిగా చేరి అప్పటికి రెండేళ్లయినా నిండలేదు. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకే నేను పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు ఊళ్లలో పనులు చేయించే ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, "మీ రోజుల్లో గ్రాంట్లు ఎట్లా తెచ్చేవాళ్లు సార్?" అని అడుగుతుంటారు. తెచ్చిన కథలు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. చేతికొచ్చినదాన్ని పోగొట్టబోయిన కథ చెప్పేవాడు దొరకడు. అందుకని ఈ ఒక్కటీ వినండి.

మాది ధర్మవరం, మగ్గం ఇల్లు. మా నాయన మగ్గం నుంచి పట్టుచీర దిగిందంటే అంచున ఒక్క పోగు వేలాడకూడదు. వేలాడిందా, నేసింది నేనైనా సరే, మా అన్నైనా సరే, వీపు చిట్లేది. ఆ ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం నాది. మా నాయన వీధి వీధంతా చెప్పుకున్నాడు. ఆర్డరులో 'తాత్కాలికం' అన్న మాట ఒకటుందని మాత్రం నేనాయనకు చెప్పలేదు. పది ఊళ్లు, ఒక సైకిలు. ఎరువుల గుంటలు తవ్వించడం, విత్తనాలు పంచడం, బ్లాకు ఆఫీసు నుంచి వచ్చే ప్రతి కాగితానికీ ఏదో ఒక ఊరిని అతికించడం, ఇదీ నా పని.

ఆ పదింటిలో ఒక ఊరు, కళ్యాణదుర్గం నుంచి గుమ్మఘట్ట వైపు పోయే బస్సు దిగి మూడు మైళ్లు నడిస్తే వస్తుంది. ఊరి పక్కనే ఒక కుంట. నేను పోయేసరికి అది పేరుకే కుంట. ఒండ్రు మేటవేసి, పిల్లలు గోలీలాడుకునే మైదానమయింది. నిండిన నీళ్లు పొర్లిపోవడానికి రాతితో కట్టే మరవ ఎప్పుడో కొట్టుకుపోయి అక్కడ గండి పడింది. ఆ సీమలో పడే వానే తక్కువ. పడిన ఆ రెండు రోజుల నీళ్లూ గండిలోంచి పోయేవి. కుంట నిండకపోతే కింద ఉన్న మంచినీళ్ల బావిలో ఊట ఉండదు. ఆడవాళ్లు బిందెలెత్తుకుని పక్క ఊరి బావికి పోయేవాళ్లు. అక్కడివాళ్లంతా తోడుకున్నాక, వాళ్లు సరేనంటే వీళ్లు చేదుకోవాలి. పొద్దున పోయినవాళ్లు బాగా ఎండెక్కాక ఇల్లు చేరేవాళ్లు.

రెండేళ్లు వరసగా శెనక్కాయ పంట ఎండిపోయింది. ఎద్దులు చాలావరకు సంతకు పోయాయి. కొన్ని కుటుంబాలు అప్పటికే బళ్లారి వైపు కూలికి వెళ్లాయి. ఈసారీ కుంటలో నీళ్లు నిలవకపోతే సగం ఇళ్లకు తాళాలు పడతాయని ఊళ్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

మొదటిసారి పోయినప్పుడు నన్ను పలకరించింది ఒక ముసలమ్మ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఆరు గొర్రెలు మిగిలాయి. అయినా ఊళ్లో ఆడవాళ్లకు ఆమె మాటే మాట. నా సైకిలునూ చేతిలో పుస్తకాన్నీ చూసి, "ఏమప్పా, నువ్వూ రాసుకొని పోయేటోడివేనా?" అంది.

"అదేమమ్మా అట్లా అంటావు?"

"ఇంతకుముందు ముగ్గురొచ్చి రాసుకొని పోయినారు నాయనా. వాళ్లు పోయినారు, రాసుకొనింది పోయింది. కుంట మాత్రం ఈడనే ఉండాది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఆ రోజు రోషం రాకపోయి ఉంటే నేనూ నాలుగోవాడిగా రాసుకుని పోయేవాణ్ణే.

రోషం వచ్చినంత సులభంగా దుడ్లు రావు కదా. చిన్న చెరువుల పనులు చూసే ఆఫీసుకు పోతే, ఆ కుంట కింద పారే పొలం చాలదు, మా లెక్కలోకి రాదన్నారు. మంచినీళ్ల నిధి చూసే ఆయన దగ్గరికి పోతే, బావికిస్తాం, కుంటకివ్వం అన్నాడు. కుంట నిండితేనే బావిలో ఊట సార్ అంటే, "అయితే బావి అని రాసుకురా, కుంట అని ఎందుకు రాశావు?" అని నన్నే కోప్పడ్డాడు. బావి అని రాసుకుపోతే, "బావి ఇదివరకే ఉంది కదయ్యా" అన్నాడు. కరువు పనుల కింద అడుగుదామంటే, మా తాలూకాను ఆ ఏడాది ఇంకా కరువు ప్రాంతమని ప్రకటించలేదట. తలెత్తి ఆకాశం చూస్తే తెలియదా సార్ అన్నాను. ఆకాశం చూసి ఉత్తర్వులివ్వరు అన్నారు. ఆ ఆఫీసు మెట్లు దిగుతూ నేనన్న మాటలు ఇక్కడ రాయను.

చివరికి దారి చూపించింది మా బ్లాకు ఆఫీసులోనే, ఫైళ్ల వెనక ముక్కుపొడుం పీల్చుకుంటూ కూర్చునే ఒక గుమాస్తా. మూడు నెలలుగా నా తిరుగుడు చూస్తూ ఉండి, ఒక రోజు దగ్గరికి పిలిచాడు.

"ఒకటుండాది లేప్పా. స్థానిక పనుల గ్రాంటు. సగం ఊరు పెట్టుకోవాల, సగం సర్కారు ఇస్తాది. ఊరు దుడ్లు ఇయ్యలేకపోతే చాకిరీ చేసి ఇయ్యొచ్చు. ఆ సగం మాట వినే ప్రెసిడెంట్లందరూ పారిపోతాండారు. అడిగేటోడు లేక ప్రతి మార్చికీ వెనక్కి పోతాంది."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను, ఒళ్లు మండి.

"నువ్వు అడిగితివా? ఊరంతా తిరిగి అడుగుతాండావు గానీ, నీ పక్క బల్ల మీద అడిగితివా?" అన్నాడు.

అర్జీ ఐదుసార్లు తిరిగొచ్చింది. ఒకసారి పటం లేదని. ఒకసారి పటంలో ఉత్తరం ఎటో గీయలేదని. ఒకసారి ఏమీ చెప్పకుండానే. జనవరి ఆఖర్లో మంజూరు కాగితం వచ్చింది. షరతులు రెండే. ఊరివాళ్లు కూలి తీసుకోకుండా కుంటలో ఒండ్రు తవ్వి కట్ట ఎత్తు చేయాలి, అది వాళ్ల వంతు. రాతి మరవా కట్టకు రాతి పరుపూ సర్కారు వంతు. ఊరి వంతును ఓవర్సీరు కొలిచి, మార్చి ముప్పైయొకటి లోగా కొలతల పుస్తకంలో ఎక్కిస్తేనే సర్కారు వంతు విడుదలవుతుంది. ఒక్కరోజు దాటినా గ్రాంటు తిరిగి పోతుంది. మరవ లేకుండా కట్ట ఎంత ఎత్తు చేసినా మొదటి వానకే తెగిపోతుందని వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఓవర్సీరు రాయదుర్గం వైపు మనిషి, అందరూ ఓవర్సీరు సాయిబు అనేవాళ్లు. నల్ల గొడుగు, సైకిలు, తోలు డబ్బాలో గుడ్డ టేపు. ఉన్నదానికంటే ఒక్క అంగుళం ఎక్కువ రాయడు, తక్కువా రాయడు. ఒక ఊళ్లో ఎవరో ఆయన సైకిలుకు కోడిపుంజును కట్టి పంపితే, నాలుగు మైళ్లు పోయాక అది కూసేసరికి చూసుకుని, మళ్లీ నాలుగు మైళ్లు వెనక్కి తొక్కి దాన్ని ఇచ్చేసి పోయాడని చెప్పేవాళ్లు. నేను నవ్వుతూ ఆయన్నే అడిగితే, "అబద్ధం. రెండు మైళ్లే" అన్నాడు.

తవ్వకం మొదలుపెట్టిన రోజు ఆయన వచ్చి, కుంటలో అక్కడక్కడా పన్నెండు చోట్ల సున్నంతో గుర్తులు పెట్టాడు. ఆ చోట్ల మట్టిని తాకకూడదు. చుట్టూ తవ్వుకుంటూ పోతే, ఆ గుర్తులున్న చోట నేల స్తంభాల్లాగా నిలబడిపోతుంది. వాటి తల మీద పాత గడ్డి అట్లాగే ఉంటుంది. తల నుంచి అడుగు దాకా కొలిస్తే, ఎంత లోతు తవ్వారో తెలుస్తుంది. సాక్షి దిమ్మెలంటారు. తవ్విన మట్టి చూసి లెక్క కట్టొచ్చు కదా అంటే, సగం కట్ట మీదికి పోయినా, మిగతా ఒండ్రు ఎరువని రైతులు పొలాలకు తోలుకున్నారు. ఊరు పడిన చాకిరీకి ఆ దిమ్మెలు తప్ప వేరే రుజువు లేదు. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు, మిగతావాళ్లకు నేను విడమరిచి చెప్పలేదు.

రెండు నెలలు తవ్వారు. నేను ఎన్నో శ్రమదానాలు చూశాను. ఫోటో తీసేదాకా పార పట్టుకుని, తీశాక కింద పడేసేవి. ఇది అట్లాంటిది కాదు. తెల్లవారకముందే కొందరు ఆడవాళ్లు పక్క ఊరికి నీళ్లకు పోతే, మిగిలినవాళ్లు వాళ్ల వంతు కూడా మట్టి మోసేవాళ్లు. తాగింది అంబలి, దొరికిన రోజు సంగటి. పని నడిపింది మట్టి పని, రాతి పని ఇంటి వృత్తిగా ఉన్న ఒక మేస్త్రీ. ఆ దిమ్మెలకు గొర్రెలు ఒరుసుకున్నా ఊరుకునేవాడు కాదు, ఒక్క కేక వేసేవాడు.

మార్చి ఇరవై తర్వాత కబురొచ్చింది. ఇరవై ఆరున ఓవర్సీరు కొలతలు తీసుకుంటాడు, అదే రోజు మధ్యాహ్నం జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి వచ్చి మరవకు శంకుస్థాపన చేస్తాడు. ఇక నా కాలు నిలవలేదు. పందిరి కావాలి, కుర్చీలు కావాలి, కళ్యాణదుర్గం నుంచి పూలదండ కావాలి. ముందురోజు పొద్దున మేస్త్రీ మగవాళ్లను వెంటబెట్టుకుని గుట్ట దగ్గరికి రాయి తేవడానికి పోయాడు. నేను సైకిలెక్కుతూ ముసలమ్మను పిలిచి చెప్పాను.

"రేపు పెద్దాయన వస్తున్నాడు. కుంట లోపలంతా చదును చేసి ఊడ్చేయండి. కళ్లం మాదిరి ఉండాలి. ఎత్తూ పల్లం కనబడకూడదు."

"నడుమ నిలబెట్టిండే దిమ్మెలు గూడానా నాయనా?" అని ఆమె అడిగింది.

అడిగింది. నేను విన్నాను. నా మనసంతా పూలదండ మీద ఉంది, బస్సు వేళయిపోతోంది. "అన్నీ తీసేయండమ్మా, అన్నీ!" అని పెడలు తొక్కాను.

ఇరవై ఆరు పొద్దున ఆరింటికి వచ్చి కట్ట ఎక్కాను. ముందు నాకు సంతోషమే వేసింది, ఆ మాట దాచను. కుంట అడుగంతా అరచెయ్యి మాదిరి చదునుగా ఉంది. వేపాకు తోరణాలు కట్టారు. కళ్లాపి చల్లడానికి నీళ్లెక్కడివి? పొడి నేల మీదే సుద్దపొడితో పెద్ద ముగ్గు వేశారు, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. అంత ముగ్గు నేను మళ్లీ చూడలేదు. ఎంత బాగా చేశారు అనుకున్నాను. తర్వాత, ముగ్గుకు ఎక్కడా అడ్డం ఏమీ లేదేమిటి అనిపించింది. అప్పుడు కట్ట మీద కూలబడ్డాను.

మేస్త్రీ రాళ్ల బండ్లతో అప్పుడే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఒక్కసారి చూశాడు. "దిమ్మెలు యాడ?" అన్నాడు.

నేను చెప్పాను. ఏం చెప్పానో అదంతా విని, ఉమ్మి ఊశాడు. ఓవర్సీరు రావడానికి ఇంకా మూడు గంటలుంది. నేను చేసిన రెండో తప్పు అప్పుడు చేశాను. మొదటిది తొందరలో చేసింది. ఇది తెలిసి చేసింది.

"నువ్వు కట్టగలవు కదా?" అన్నాను మెల్లగా.

"ఏం కట్టేది?"

"దిమ్మెలే. ఉన్నచోటనే. తల మీద ఎండు గడ్డి పాతి, చుట్టూ మట్టి మెత్తి... నీ చేతి పని ఎవరు పట్టగలరు?"

ఆయన వయసు మా నాయన వయసు. "చూడప్పా, మట్టిలో పుట్టినా, మట్టిలో పెరిగినా. దిమ్మె వదిలి తవ్వేది తెలుసు. దిమ్మె కట్టేది మా ఇంటావంటా లేదు. నువ్వు సదువుకున్నోడివి, నీకు తెలిసుంటాది. నువ్వే కట్టుకో" అని పారను నా కాళ్ల దగ్గర పడేసి పోయి బండి నీడన కూర్చున్నాడు.

ఆ పార నేను ముట్టుకోలేదు. ముట్టుకోనంత మంచివాణ్ణని కాదు, ఎట్లా కట్టాలో తెలియక.

తొమ్మిదికి ఓవర్సీరు వచ్చాడు. కట్ట ఎక్కి, గొడుగు ముడిచి, కుంటలోకి చూసి, మళ్లీ గొడుగు విప్పుకుని కూర్చున్నాడు. కాసేపటికి మా బ్లాకు ఆఫీసు పెద్ద బి.డి.ఓ. జీపు వచ్చింది. ఆయన కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుర్ర అధికారి, మంచివాడే, కానీ గ్రాంటు తిరిగి పోతే పైవాళ్లకు ఏం రాయాలో అన్న భయంతో ఆ నెలంతా నిద్రలేనివాడు. జీపు చాటున ముగ్గురమే నిలబడ్డాం.

"రెండు దారులుండాయి సార్" అన్నాడు ఓవర్సీరు. "ఊరోళ్లు తీసేసినారంటే, కొలతకు పెట్టిన గుర్తు చెరిపినట్టు. నేను పుస్తకంలో అట్లే రాయాల. గ్రాంటు ఈడికి ముగిసె. అట్ల గాదు, సర్కారు మనిషి హుకుం మీద తీసినారంటే తప్పు సర్కారుది. ఊరిని నష్టపరిచేదానికి లేదు. అప్పుడు గట్టు నుంచి గట్టుకు తాళ్లు లాగి లోతు కొలుస్తా, దాని కింద మీరు సంతకం పెట్టాల. కానీ ఆ మనిషి ఎవరో, రాసిచ్చిన కాగితం ఉండాల."

"రాసిస్తే ఏమవుతుంది?" అన్నాడు బి.డి.ఓ.

"తాత్కాలికం మనిషైతే, ఏమైతాది మీకు తెలుసు గదా సార్."

బి.డి.ఓ. నా వైపు చూడకుండా సిగరెట్టు తీశాడు. "పాపం చదువులేని వాళ్లండీ. తెలియక చేసుంటారు. వచ్చే ఏడాది మళ్లీ పెడదాం" అన్నాడు. ఆ తర్వాత నాతో, నా ఒక్కడికే వినబడేటట్టు, "నీ ఉద్యోగం చూసుకో అబ్బాయ్" అన్నాడు. దయతోనే అన్నాడు. ధర్మవరంలో మా నాయన, పట్టునూలు దొరక్క ఆగిపోయిన మగ్గం, ప్రతి నెలా నేను పంపే మనియార్డరు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు నిలబడ్డాయి.

ఓవర్సీరు ఊరివాళ్ల దగ్గరికి నడిచాడు. కట్ట పొడుగునా అందరూ ఉన్నారు. ఆడవాళ్లు ఆ రోజుకని ఉన్నంతలో మంచి చీరలు కట్టుకున్నారు. ఏదో తప్పు జరిగిందని అప్పటికి అందరికీ తెలిసిపోయింది, ఏమిటో తెలియదు.

"దిమ్మెలు ఎవరు తీసినారు?" అని ఓవర్సీరు అడిగాడు.

అప్పుడు ముసలమ్మ ముందుకొచ్చింది.

"నేనే తీయించినా సామీ."

"ఎవరు చెప్పినారు?"

ఆమె నా వైపు ఒక్కసారి చూసి, మళ్లీ ఆయన వైపు తిరిగింది. "ఎవురూ చెప్పలేదు. నాకే బాగ కనపడలేదు. ముగ్గుకు అడ్డమొస్తాండాయని తీయించినా. ఆ పిల్లోడు ఊళ్లోనే లేడు. ఆయప్పకేం తెల్దు."

"అవును సామీ, మేమే" అంది పక్కనున్న ఆమె. "మేమందరమూ కలిసే తీసినాం" అంది ఇంకొకామె. ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకుంటూ పోయారు. తిట్లో జరిమానానో పడితే ఊరంతా పంచుకుందాం, పిల్లాడి ఉద్యోగం కాపాడదాం అనుకున్నారు. వాళ్లు ఒప్పుకునే ఒక్కో మాటతో వాళ్ల కుంట వాళ్ల చేతుల్లోంచే పోతోందని అక్కడ ఎరిగినవాళ్లం, జీపు చాటున మాట్లాడుకున్న ముగ్గురమే. వాళ్లకు చెప్పవలసినవాణ్ణి నేనొక్కణ్ణి.

చెప్పాను అని మీరు అనుకుంటున్నారు. అప్పటికింకా చెప్పలేదు.

ఓవర్సీరు టేపు ఎందుకో పొడుగునా బయటికి లాగి ఉన్నాడు. దాన్ని మళ్లీ డబ్బాలోకి చుట్టడం మొదలుపెట్టాడు. చిన్న పిడి తిప్పుతూ, మెల్లగా, గుడ్డ మీద మన్ను తుడుచుకుంటూ. అది చాలా పొడుగు టేపు. బి.డి.ఓ. సిగరెట్టు ఆర్పి జీపెక్కబోయాడు. ముసలమ్మ నన్నే చూస్తూ, ఎవరికీ తెలియకుండా తల అడ్డంగా ఊపింది, గమ్మునుండు అని. నేను గమ్మునే ఉన్నాను. ఆమె అట్లా అన్నది కాబట్టి ఉంటున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. టేపు చివర ఇత్తడి కొక్కెం వచ్చి డబ్బాకు టక్కున తగిలింది. ఓవర్సీరు జేబులోంచి కలం తీశాడు.

"నేను చెప్పాను సార్" అన్నాను. "దిమ్మెలు కూడానా అని ఆమె అడిగింది. అన్నీ తీసేయమని నేనే చెప్పాను. రాసిస్తాను."

బి.డి.ఓ. జీపు తలుపు మీద చెయ్యి వేసినవాడు అట్లాగే నిలబడిపోయాడు. ముసలమ్మకు కోపం ముంచుకొచ్చింది. "నీకేమన్నా పిచ్చా నాయనా? నేను ముసలిదాన్ని, నన్నేం చేస్తారు? నోటికాడి కూడు పోగొట్టుకొంటివి గదా!" అని అందరి ముందూ నన్ను తిట్టింది. ఓవర్సీరు తాను రాసుకునే పలకా కాగితమూ నా చేతికిచ్చాడు. మొదటి కాగితం పాడుచేశాను. రెండోది ఇచ్చాడు.

తర్వాత జరిగింది త్వరగా చెబుతాను. గట్టు నుంచి గట్టుకు తాళ్లు బిగించి, అడుగుకొకచోట లోతు కొలిచారు. ముగ్గంతా మా కాళ్ల కింద చెదిరిపోయింది. అనుమానమున్న ప్రతిచోటా ఓవర్సీరు తక్కువ లెక్కే రాశాడు. మొదట్లో నడుమ నేల కొంచెం ఉబ్బుగా ఉండేదని మేస్త్రీ ఎంత మొత్తుకున్నా, రుజువు లేనిది రాయనన్నాడు. ఊరి వంతుకు కొంత తగ్గింది. ఆ తగ్గింది మళ్లీ తవ్వారు, మూడు రోజులు, పగలంతా. నేనూ మట్టి మోశాను, నా పక్కన మోసినవాళ్లు ఒక్క మాట అనలేదు, మేస్త్రీ తప్ప. ఆయన మూడు రోజులూ అన్నాడు. ముప్పయ్యో తేదీన కొలతల పుస్తకంలో సంతకాలు పడ్డాయి. అన్నట్టు, ఆ పెద్ద అధికారి రానే లేదు. ఏదో అర్జంటు పనిమీద తిన్నగా మడకశిరకు పోయాడట.

నన్ను పనిలోంచి ఆపారు. అయిదు నెలలు ధర్మవరంలో ఆగిన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. మా నాయన ఏమీ అడగలేదు. ఆ ఏడు మరవ కట్టారని, వానకు కుంటలో నడుము లోతు నీళ్లు నిలిచాయని, బావిలో ఊట వచ్చిందని గుమాస్తా కార్డు రాశాడు. తర్వాత, ఎందుకో తెలియదు, మళ్లీ ఉద్యోగంలోకి పిలిచి మడకశిర వైపు వేశారు.

ఎందుకో తెలిసింది చాలా ఏళ్లకు. నన్ను పర్మనెంటు చేసేటప్పుడు నా ఫైలు నా చేతికే వచ్చింది. అందులో ఓవర్సీరు రాసిన రిపోర్టు ఉంది. ఇంగ్లీషులో, రెండు పేజీల నిండా అడుగులూ అంగుళాలూ. చివర ఒక్క వాక్యం: అడిగిన వెంటనే ఈ ఉద్యోగి తన తప్పు తానే ఒప్పుకున్నాడు, ఇతణ్ణి వదులుకోవడం మంచిది కాదు. దాని కింద ఎర్రసిరాతో ఎవరో గీత గీశారు. నా ఉద్యోగం తిరిగొచ్చింది ఆ 'వెంటనే' మీద.

ఆయన అప్పటికి రిటైరై రాయదుర్గంలో ఉన్నాడు. వెతుక్కుంటూ పోయాను. ముసలివాడయ్యాడు, గుర్తుపట్టి లోపలికి పిలిచాడు. కూర్చోకుండానే అడిగేశాను.

"మీరు వెంటనే అని రాశారు సార్. నేను వెంటనే చెప్పలేదు. ఆమె అబద్ధమాడి, ఊరంతా ఆమె వెనక అబద్ధమాడి, మీరు టేపంతా చుట్టేదాకా చూస్తూ నిలబడ్డాను. మీకు తెలుసు."

"తెలుసు" అన్నాడు. "ఎందుకు తెలీదు? ఆయమ్మ చెప్పిన తక్షణం నేను కలం తీసి రాసుకోవాల్సింది, అది నా డ్యూటీ. రాసుకొని ఉంటే మళ్లీ కొట్టేసేదానికి లేదు. అందుకే తీయలేదు. నా సర్వీసులో టేపు అంత నిదానంగా ఎన్నడూ చుట్టలేదప్పా. నా ఆలస్యం రాయకుండా నీది ఒక్కటే ఎట్ల రాసేది?"

లోపలి నుంచి టీ వచ్చింది. ఆయన తాగాడు. నేను కప్పు పట్టుకుని కూర్చున్నాను. పింఛను తీసుకునే రోజు దాకా నేను తిన్న ప్రతి ముద్దా ఆ 'వెంటనే' అన్న మాట పెట్టిందే. ఆయన లేడు, ముసలమ్మా లేదు, ఇక నేను చెప్పినందువల్ల ఎవరికీ నష్టం లేదు. వెంటనే చెప్పలేదు నేను. టేపు చుట్టడం అయిపోయాక చెప్పాను.